రాకేశ్ శర్మ ఉండి వచ్చిన ఇల్లు గడ్డకట్టిపోయింది: సాల్యూట్-7 కథ

ఈ ఎపిసోడ్‌లో ఒక ఇంటి కథ చెప్పుకుందాం. ఆ ఇల్లు భూమ్మీద లేదు. కానీ మన హైదరాబాద్‌లో చదువుకున్న ఒకాయన అందులో వారం రోజులు ఉండి వచ్చారు. ఆయనెవరో మీకు తెలుసు, రాకేశ్ శర్మ గారు. పుట్టింది పాటియాలాలో అయినా పెరిగింది ఇక్కడే. అబిడ్స్ సెయింట్ జార్జెస్ గ్రామర్ స్కూల్, ఆ తర్వాత నిజాం కాలేజీ. మా అంబర్‌పేట్ నుంచి బస్సెక్కితే కాసేపట్లో చేరిపోయే చోట్లు.

1984 ఏప్రిల్ 3న ఆయన సోయుజ్ టీ-11లో బయల్దేరారు. ఏప్రిల్ 11న దిగారు. స్కూల్లో మనం చదువుకున్న పాఠం ఇక్కడితో అయిపోతుంది. మొదటి భారతీయ వ్యోమగామి, ఒక మార్కు ప్రశ్న, టిక్కు పెట్టేసి ముందుకెళ్ళాం.

మరి ఆయన ఉన్న ఆ స్పేస్ స్టేషన్ సంగతేంటి? సాల్యూట్-7 తర్వాత ఏమైంది? ఆయన దిగిన పది నెలలకే అది చచ్చిపోయింది. కరెంటు లేదు, రేడియో లేదు, లోపల నీళ్ళన్నీ మంచు. అప్పుడు ఇద్దరు మనుషులు వెళ్ళి, చేతులతో వైర్లు కలిపి, దానికి మళ్ళీ ప్రాణం పోశారు. ఈ కథ ఇప్పుడు ఎందుకంటే, మన దేశం కూడా సొంత స్పేస్ స్టేషన్ కట్టాలనుకుంటోంది. రాకెట్ గురించి అందరం మాట్లాడుతున్నాం. పైకి వెళ్ళాక గాలి, నీళ్ళు ఎవరు చూసుకుంటారు, చెడిపోతే ఎవరు బాగుచేస్తారు అనే మాట మాత్రం పెద్దగా వినపడటం లేదు.

ముందు బేసిక్స్ చూద్దాం. స్పేస్ స్టేషన్‌లో మనిషి బతకాలంటే లైఫ్ సపోర్ట్ సిస్టమ్ ఏం చెయ్యాలి? ఆక్సిజన్ ఇవ్వాలి. ఒక మనిషికి రోజుకు దాదాపు 840 గ్రాములు కావాలి. మనం వదిలే కార్బన్ డయాక్సైడ్‌ని తీసెయ్యాలి. అది మనిషికి రోజుకు సుమారు ఒక కిలో. నీళ్ళు ఇవ్వాలి, వేడిని అదుపులో పెట్టాలి, గాలి పీడనం తగ్గకుండా చూడాలి. ఇవన్నీ ఒకదాన్ని పట్టుకుని ఒకటి ఉంటాయి. కరెంటు పోతే ఫ్యాన్ ఆగుతుంది, ఫ్యాన్ ఆగితే గాలి కదలదు, హీటర్ ఆగితే నీళ్ళు గడ్డకడతాయి.

ఇందులో అసలు చిక్కు గ్రావిటీ లేకపోవడం. ఎలాగో మా ఏరియా ఉదాహరణతోనే చెప్తాను. మూసీ ఒడ్డున అంబర్‌పేట్‌లో పెద్ద మురుగునీటి శుద్ధి కేంద్రం ఉంది. కెపాసిటీ రోజుకు 339 మిలియన్ లీటర్లు, అంటే 33.9 కోట్ల లీటర్లు. అక్కడ ఏం జరుగుతుంది? మురుగు ట్యాంకులోకి వస్తుంది, బరువున్న బురద కిందికి దిగుతుంది, గ్యాస్ బుడగలు పైకి తేలతాయి, మధ్యలో కాస్త తేటపడిన నీళ్ళు పక్కకు వెళ్తాయి. ఈ పనిలో సగం భూమే చేసిపెడుతోంది, అదీ ఫ్రీగా. జీతం లేని వర్కర్ అన్నమాట.

స్పేస్‌లో ఆ వర్కర్ ఉండడు. బురద కిందికి దిగదు, ఎందుకంటే కింద అనేదే లేదు. బుడగ పైకి రాదు, నీళ్ళలోనే ఎక్కడుందో అక్కడే ఉండిపోతుంది. వేడి గాలి కూడా పైకి పోదు. మీరు నిద్రపోతున్నప్పుడు ఫ్యాన్ ఆగిపోయిందనుకోండి, మీరు వదిలిన కార్బన్ డయాక్సైడ్ మీ ముఖం చుట్టూనే మబ్బులా నిలబడిపోతుంది. చుట్టూ బోలెడు గాలి ఉంటుంది, అయినా మీకు ఊపిరాడదు. అందుకే స్పేస్ స్టేషన్‌లో ఎప్పుడూ ఫ్యాన్ల హోరు ఉంటుంది. ఆ చప్పుడు ఆగిందంటే ఏదో తేడా కొట్టినట్టే. ఈ పాయింట్ గుర్తుపెట్టుకోండి, కథలో మళ్ళీ వస్తుంది.

ఇప్పుడు 1984కి వెళ్దాం. సాల్యూట్-7 ని సోవియట్ యూనియన్ 1982 ఏప్రిల్ 19న పంపింది. రాకేశ్ శర్మ గారు యూరీ మాలిషెవ్, గెన్నాదీ స్త్రెకలోవ్‌లతో కలిసి అక్కడికి వెళ్ళేసరికి లోపల ముగ్గురు ఉన్నారు. లియోనిద్ కిజిమ్, వ్లాదిమిర్ సొలొవ్యోవ్, డాక్టర్ ఒలెగ్ అత్కోవ్. అంటే చుట్టాలు వచ్చాక ఇంట్లో ఆరుగురు. మైసూరులోని రక్షణ శాఖ ఆహార పరిశోధనాలయం చేసిచ్చిన రవ్వ హల్వా, ఆలూ ఛోలే, వెజ్ పులావ్ కూడా వాళ్ళతో వెళ్ళాయి. శర్మ గారు అక్కడ యోగా ప్రయోగాలు చేశారు, మన దేశాన్ని ఫోటోలు తీశారు.

మనకు తెలియని సంగతి ఏంటంటే, అప్పటికే ఆ ఇంట్లో పైపు లీక్ ఉంది. 1983లో ఇంజిన్లకు వెళ్ళే ఇంధన వ్యవస్థలో ఒక లైన్ దెబ్బతింది. అతిథులు దిగిపోయాక, అదే ఏప్రిల్ నెలలో కిజిమ్, సొలొవ్యోవ్ ఇద్దరూ స్పేస్‌సూట్లు వేసుకుని బయటికొచ్చారు. ఒక్కసారితో అయ్యే పని కాదు. పై పొర కోసి, లోపల పైపు వెతికి, బైపాస్ గొట్టం వేసి, చివరికి దాన్ని నొక్కి మూసేసరికి ఆగస్టు వచ్చింది. నాలుగు నెలల ప్లంబింగ్ పని! వాళ్ళు దాదాపు 237 రోజులు ఉండి 1984 అక్టోబర్ 2న దిగారు. స్టేషన్‌కి తాళం పడింది.

1985 ఫిబ్రవరి 11. ముందు రేడియో ట్రాన్స్‌మిటర్ దగ్గర ఇబ్బంది వచ్చింది. తర్వాత స్టేషన్ నుంచి ఒక్క సిగ్నల్ కూడా రాలేదు. దాదాపు ఇరవై టన్నుల స్టేషన్, కింద నుంచి ఏ కమాండ్ పంపినా జవాబు లేకుండా, భూమి చుట్టూ ఊరికే తిరుగుతోంది.

కారణం ఏంటో వెళ్ళి చూశాకే తెలిసింది. బ్యాటరీ ఛార్జింగ్ వ్యవస్థలో ఒక సెన్సర్ చెడిపోయింది. బ్యాటరీ నిండకపోయినా 'నిండిపోయింది' అని చెప్పడం మొదలుపెట్టింది. ఆ మాట నమ్మి సిస్టమ్ సోలార్ ప్యానెళ్ళ నుంచి ఛార్జింగ్ కట్ చేసింది. రోజులు గడిచేకొద్దీ బ్యాటరీలు ఖాళీ. మామూలుగా అయితే కింద నుంచి ఒక కమాండ్ పంపి సరిచేసేవాళ్ళు. కానీ రేడియో అప్పటికే పోయింది కదా.

నేను బీటెక్ అయ్యాక కొన్నేళ్ళు సాఫ్ట్‌వేర్‌లో పనిచేశాను, ఆన్-కాల్ డ్యూటీలు చేశాను. రాత్రి రెండింటికి ఫోన్ మోగితే లేచి కూర్చునే ఉద్యోగం. ఆ పని చేసినవాళ్ళకి ఈ కథ వినగానే వెన్నులో చలి పుడుతుంది. ఎర్ర లైట్ వెలిగితే భయం లేదండి, చూసుకుంటాం. పచ్చ లైట్ అబద్ధం చెప్తే ఎవరు లేస్తారు? సాల్యూట్-7లో జరిగింది అదే.

సోవియట్ వాళ్ళ ముందు రెండు దారులు. వదిలెయ్యాలి, లేదా మనుషుల్ని పంపాలి. పంపాలని నిర్ణయించారు. ఎవర్ని? వ్లాదిమిర్ జానిబెకోవ్. 1982లో ఇదే సాల్యూట్-7కి వెళ్తున్నప్పుడు ఆటోమేటిక్ సిస్టమ్ మొరాయిస్తే చేత్తో నడిపి డాకింగ్ చేసిన మనిషి. ఆయనకు తోడు విక్టర్ సవినిఖ్, ఇంజనీర్. వాళ్ళ సోయుజ్ టీ-13లో మూడో సీటు పీకేశారు. ఆ జాగాలో అదనంగా ఇంధనం, నీళ్ళు పెట్టారు. 1985 జూన్ 6న బయల్దేరారు.

మామూలు డాకింగ్‌లో రెండు వైపుల నుంచీ సిగ్నల్స్ ఉంటాయి, నేనిక్కడున్నా, నువ్వెంత దూరంలో ఉన్నావ్ అని మాట్లాడుకుంటాయి. ఇక్కడ ఒకటి శవంలా ఉంది. జానిబెకోవ్ కిటికీలోంచి చూస్తూ, చేతిలో పట్టుకునే లేజర్ పరికరంతో దూరం కొలుచుకుంటూ దగ్గరికెళ్ళారు. సోలార్ ప్యానెళ్ళు ఒకటొక దిక్కు, ఒకటొక దిక్కు తిరిగి ఉన్నాయి. అది చూడగానే ఇద్దరికీ అర్థమైపోయింది, లోపల కరెంటు లేదని. జూన్ 8న డాకింగ్ అయింది.

తలుపు ఒక్కసారిగా తీయలేదు. లోపల గాలి ఉందా, విషవాయువులు ఉన్నాయా అని ఒక్కో మెట్టూ చూసుకుంటూ వెళ్ళారు. గాలి ఉంది. కానీ చీకటి, చలి. ఫ్యాన్ల హోరు లేదు. ఇందాక గుర్తుపెట్టుకోమన్న పాయింట్ ఇదే, పూర్తి నిశ్శబ్దం. గోడల మీద మంచు పేరుకుని ఉంది. ఎంత చలి అని కింద నుంచి అడిగితే, సవినిఖ్ గోడ మీద ఉమ్మి చూశారని, అది కొన్ని సెకన్లలోనే గడ్డకట్టిందని చెప్తారు. ఉన్ని టోపీలు, మందపాటి కోట్లు వేసుకుని పని మొదలుపెట్టారు.

ఇక్కడి నుంచి టైమ్‌తో పోటీ. స్టేషన్ ట్యాంకుల్లో నీళ్ళు మంచు గడ్డ. వెంట తెచ్చుకున్నవి వారం పది రోజులకు వస్తాయి, అదీ పొదుపుగా తాగితే. ఆలోపు నీళ్ళు కరగకపోతే వెనక్కి రావాలి, స్టేషన్ పోయినట్టే. మంచు కరగాలంటే హీటర్ కావాలి, హీటర్‌కి కరెంటు కావాలి, కరెంటుకి బ్యాటరీ కావాలి. ఉన్న ఎనిమిది బ్యాటరీల్లో రెండు పూర్తిగా పోయాయి. ఆరు బతికే అవకాశం ఉంది.

సోయుజ్ బ్యాటరీ నుంచి వైరు లాగి స్టేషన్‌కి ఇవ్వొచ్చు కదా, బైక్ స్టార్ట్ కాకపోతే పక్క బండి బ్యాటరీ కలిపినట్టు? వాళ్ళు ఆ పని చెయ్యలేదు. స్టేషన్‌లో ఎక్కడైనా షార్ట్ ఉంటే సోయుజ్ కూడా పోతుంది. అప్పుడు ఇంటికొచ్చే బండే ఉండదు. అందుకని సోలార్ ప్యానెళ్ళ కేబుళ్ళు వెతికి, వాటిని నేరుగా బ్యాటరీలకు కలిపారు. ఆ చలిలో, ఆ చీకట్లో, వైర్ల చివర్లు చేత్తో మెలిపెట్టి టేప్ చుట్టడం. మరి ప్యానెళ్ళు సూర్యుడి వైపు తిరగాలి కదా? వాటిని తిప్పే మోటార్లకూ కరెంటు లేదు. జానిబెకోవ్ సోయుజ్ ఇంజిన్లు వాడి మొత్తం స్టేషన్‌నే సూర్యుడి వైపు తిప్పారు. మంచం కిటికీ వైపు రాకపోతే ఇల్లే తిప్పినట్టు!

ఇంకో ప్రమాదం కంటికి కనపడదు. ఫ్యాన్లు తిరగడం లేదు కాబట్టి, ఒకచోట ఎక్కువసేపు పనిచేస్తే వాళ్ళు వదిలిన కార్బన్ డయాక్సైడ్ వాళ్ళ చుట్టూనే చేరేది. తలనొప్పి, మత్తు. అందుకే ఒకరు పనిచేస్తుంటే ఇంకొకరు కనిపెట్టుకుని ఉండాల్సి వచ్చేది. చేతులు ఆడిస్తూ గాలిని కదపాల్సి వచ్చేది.

బ్యాటరీలు మెల్లగా నిండాయి. లైట్లు వెలిగాయి, రేడియో పలికింది, ఫ్యాన్లు తిరిగాయి. అయినా హీటర్లు వెంటనే పూర్తిగా వెయ్యలేదు. ఎందుకంటే గోడల మీద, ప్యానెళ్ళ వెనక ఉన్న మంచంతా ఒకేసారి కరిగితే ఆ తడి వైర్లలోకి పోతుంది, అన్నీ షార్ట్. కాబట్టి నిదానంగా వేడిచేస్తూ, కరిగిన నీళ్ళని గుడ్డలతో, పాత బట్టలతో తుడుస్తూ పోయారు. చూడండి, చరిత్రలోనే గొప్ప స్పేస్ మిషన్లలో ఒకటి, అందులో ముఖ్యమైన పని తడిగుడ్డతో తుడవడం. ట్యాంకుల్లో నీళ్ళు కరిగాయి. జూన్ 23న ప్రోగ్రెస్-24 అనే సరుకుల నౌక నీళ్ళు, స్పేర్ పార్టులు తెచ్చింది. సెప్టెంబర్‌లో కొత్త బృందం వచ్చింది. శర్మ గారికి ఆతిథ్యం ఇచ్చిన కిజిమ్, సొలొవ్యోవ్ 1986లో మళ్ళీ వెళ్ళి ఆ ఇంట్లో ఉన్నారు. చివరి అద్దెదారులు వాళ్ళే. 1991 ఫిబ్రవరి 7న సాల్యూట్-7 వాతావరణంలోకి పడిపోయి కాలిపోయింది, మిగిలిన ముక్కలు అర్జెంటీనాలో పడ్డాయి.

ఇదంతా పాత సోవియట్ టెక్నాలజీ, ఇప్పుడన్నీ మారిపోయి ఉంటాయి అనుకుంటున్నారా? ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్ సంగతి చూద్దాం. 2008 నవంబర్‌లో ఎండీవర్ షటిల్ అక్కడికి ఒక వాటర్ రీసైక్లింగ్ సిస్టమ్ తీసుకెళ్ళింది. మూత్రాన్ని కూడా తాగే నీళ్ళుగా మారుస్తుంది. అంబర్‌పేట్‌లో ఫ్రీగా పనిచేసిన వర్కర్ అక్కడ లేడు కాబట్టి, మూత్రాన్ని ఒక డ్రమ్ములో గిరగిరా తిప్పుతూ తక్కువ పీడనంలో ఆవిరి చేస్తారు. తిప్పుడుతో దొంగ గ్రావిటీ పుట్టిస్తారన్నమాట.

85 శాతం నీళ్ళు వెనక్కి రాబట్టాలని డిజైన్ చేశారు. 2009లో అది మొరాయించింది. ఎందుకు? స్పేస్‌లో ఎముకలు కాల్షియం కోల్పోతాయి, అది మూత్రంలోకి వస్తుంది. ఆ కాల్షియం మెషీన్ లోపల తెల్లటి పొరలా పేరుకుపోయింది. ఉప్పల్, నాచారం వైపు బోరు నీళ్ళు వాడే ఇళ్ళల్లో గీజర్ కాయిల్ మీద తెల్లగా గట్టిపడుతుంది చూశారా, అలాంటిదే. భూమ్మీద టెస్ట్ చేసినప్పుడు ఈ సంగతి బయటపడలేదు, ఎందుకంటే భూమ్మీద మన ఎముకలు అలా కరగవు కదా. చాలాకాలం ఆ మెషీన్‌ని తక్కువ శాతంతో నడిపి, ఒక్కో మార్పూ చేసుకుంటూ వచ్చారు. మొత్తం నీళ్ళల్లో 98 శాతం తిరిగి రాబట్టే లక్ష్యాన్ని చేరామని నాసా ప్రకటించింది 2023లో. పదిహేనేళ్ళ రిపేర్ పని ఫలితం ఆ 98.

2024 జూన్‌లో సునీతా విలియమ్స్, బుచ్ విల్మోర్ బోయింగ్ స్టార్‌లైనర్‌లో వెళ్ళారు. బయల్దేరే ముందు స్టేషన్‌లో ఆ మూత్రం ప్రాసెస్ చేసే పంపు చెడిపోయింది. దాదాపు 68 కిలోల కొత్త పంపు పంపాలి. జాగా ఎక్కడ? వ్యోమగాములిద్దరి సూట్‌కేసులు దింపేసి పంపు ఎక్కించారు. సొంత బట్టలు కింద, పంపు పైన. స్పేస్ స్టేషన్‌లో దేనికి ఎంత విలువో ఈ ఒక్క ముక్కతో తెలిసిపోతుంది.

మనవాళ్ళ దగ్గరికి మళ్ళీ వద్దాం. రాజా చారి పేరు మీరు వినే ఉంటారు. ఆయన నాన్న శ్రీనివాస్ చారి గారు ఇంజనీరింగ్ చదువు కోసం హైదరాబాద్ నుంచి అమెరికా వెళ్ళారు. రాజా చారి 2021 నవంబర్‌లో స్పేస్‌ఎక్స్ క్రూ-3కి కమాండర్‌గా వెళ్ళి, 2022 మేలో దిగారు. ఆ మధ్యలో రెండుసార్లు స్పేస్‌వాక్ చేశారు. రెండోది 2022 మార్చి 23న, జర్మనీకి చెందిన మథియాస్ మౌరర్‌తో. చేసిన పనుల్లో ఒకటి స్టేషన్ వేడిని బయటికి పంపే అమోనియా వ్యవస్థకు గొట్టాలు బిగించడం. మళ్ళీ ప్లంబింగే, గమనించండి.

దాదాపు ఏడు గంటల పని ముగించి లోపలికి వచ్చాక మౌరర్ హెల్మెట్‌లో తడి కనిపించింది. వెంటనే హెల్మెట్ తీసేశారు. కాస్త తడికి ఎందుకంత కంగారు అంటే, 2013 జూలై 16న ఇటలీ వ్యోమగామి లూకా పర్మితానో స్పేస్‌వాక్‌లో ఉండగా హెల్మెట్‌లోకి ఒకటిన్నర లీటర్ దాకా నీళ్ళు చేరాయి. గ్రావిటీ లేదు కాబట్టి ఆ నీళ్ళు కిందికి జారవు. ముక్కుకి, కళ్ళకి, చెవులకి అంటుకుంటాయి. బావిలో కాదు, శూన్యంలో మునిగిపోయే పరిస్థితి. ఆయన దాదాపు గుడ్డిగా తడుముకుంటూ లోపలికి చేరారు. సూట్‌లో నీళ్ళనీ గాలినీ వేరుచేసే భాగంలో మలినాలు చేరి దారి మూసుకుపోవడమే కారణమని తేలింది. ఆ తర్వాత హెల్మెట్లలో నీళ్ళు పీల్చే ప్యాడ్లు పెట్టారు. 2022లో మౌరర్ హెల్మెట్‌లో తడిసిన ప్యాడ్ అదే. దాంతో కొన్ని నెలలు మామూలు స్పేస్‌వాక్‌లు ఆపి, సూట్లను పరిశీలించారు.

ఇప్పుడు మన దేశం సంగతి. 2025లో శుభాంశు శుక్లా ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్‌కి వెళ్ళొచ్చారు. గగన్‌యాన్ ప్లాన్ ప్రకారం మనవాళ్ళు సుమారు 400 కిలోమీటర్ల ఎత్తులో మూడు రోజులు ఉంటారు. 2035 నాటికి భారతీయ అంతరిక్ష స్టేషన్ అనేది లక్ష్యం. 2023 డిసెంబర్‌లో అప్పటి ఇస్రో ఛైర్మన్ సోమనాథ్ గారు గోవాలో ఒక సభలో దాపరికం లేకుండా చెప్పారు. లైఫ్ సపోర్ట్ సిస్టమ్ తయారీలో మనకు అనుభవం లేదని, వేరే దేశాల నుంచి వస్తుందనుకున్నామని, ఎంత మాట్లాడినా ఎవరూ ఇవ్వడానికి ముందుకు రాలేదని, అందుకే సొంతంగా చేస్తున్నామని. నాకైతే ఆ మాట చాలా ముఖ్యం అనిపించింది.

ఎందుకంటే మూడు రోజుల ప్రయాణం వేరు, కాపురం వేరు. మూడు రోజులకు కావాల్సిన ఆక్సిజన్, నీళ్ళు మూటగట్టుకుని వెళ్ళొచ్చు. ఏళ్ళ తరబడి ఉండాలంటే అక్కడే చేసుకోవాలి, చెడితే అక్కడే విప్పాలి. వేరే దేశం డ్రాయింగ్ ఇచ్చినా, ఏ భాగం ఎన్నో ఏడాదికి మొరాయిస్తుందో, ఏ సెన్సర్ అబద్ధం చెప్తుందో ఆ కాగితంలో ఉండదు. అది నడిపినవాళ్ళ చేతుల్లో ఉంటుంది. సోవియట్ వాళ్ళు సాల్యూట్-7లో నేర్చుకున్నారు, నాసా ఆ తెల్ల పొరతో నేర్చుకుంది, మనమూ మన తిప్పలు మనం పడాల్సిందే. అందుకని మన వ్యోమగాముల్ని ఎంచుకునేటప్పుడు టెస్ట్ పైలట్లతో పాటు, నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో మోటార్ చప్పుడు విని ఏ బేరింగ్ పోయిందో చెప్పే మెకానిక్ లాంటి బుర్ర ఉన్నవాళ్ళు కూడా కావాలి. కింద కంట్రోల్ రూమ్‌లో రాత్రి రెండింటికి పచ్చ లైట్‌ని కూడా అనుమానంగా చూసేవాళ్ళు కావాలి.

పిల్లలకు రాకేశ్ శర్మ గారి గురించి చెప్పేటప్పుడు జానిబెకోవ్, సవినిఖ్‌ల పేర్లు కూడా చెప్పండి. ఇంట్లో ఎవరైనా పంపులు, వైరింగ్, ఏసీ రిపేర్లు చేసేవాళ్ళుంటే ఈ ఎపిసోడ్ వాళ్ళకు వినిపించండి. సాల్యూట్-7లో వాళ్ళయితే ముందు ఏం చేసేవాళ్ళో అడిగి నాకు రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటానండి.